సింగ్‌నగర్ సీపీయూకి గ్రాఫిక్స్ డ్రైవర్: పన్నెండు రోజుల డైరీ

అక్టోబరు 25, 2025, శనివారం

ఈ రోజు నాగుల చవితి. పొద్దున్నే పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి డబ్బాలో సర్దుకుని విజయవాడ సింగ్‌నగర్‌లో బాబాయి వాళ్లింటికి వెళ్లాను. సంచిలో డబ్బాతో పాటు ఒక గ్రాఫిక్స్ కార్డు, ఒక పెన్‌డ్రైవ్ కూడా ఉన్నాయి.

ఈ పని ఎందుకు మొదలైందో ముందు రాసుకుంటాను. బాబాయి ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన పాఠాల నోట్సులన్నీ, చేత్తో గీసిన బొమ్మలతో సహా, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఇంట్లోకి వచ్చినప్పుడు నానిపోయాయి. ఆ పొద్దున ఆయన అటక మీదికి ఎక్కించగలిగింది సీపీయూ ఒక్కటే. నోట్సులు ఉన్న ట్రంకుపెట్టె మంచం కింద ఉండిపోయింది. నీళ్లు తీశాక డాబా మీద ఎండబెట్టారు కానీ, సిరా అలికిపోయి ఒక్క పేజీ కూడా చదవడానికి రాలేదు. అందుకే ఆ పాఠాలు గుర్తున్నంత వరకు తెలుగులో చెప్తూ, పెన్ టాబ్లెట్ మీద బొమ్మలు గీస్తూ, వీడియోలుగా రికార్డు చేయాలని ఆయన కోరిక. ఆ కంప్యూటర్‌ని దానికి సిద్ధం చేయడం నా వంతు.

సీపీయూ పాతది. ఇంటెల్ ఐ5, నాలుగో తరం, 8 జీబీ ర్యామ్. అందులో ఉన్న విండోస్ 10కి ఈ నెల 14తో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి కాబట్టి ఆ దారి లేదు. పైగా మదర్‌బోర్డు మీదున్న మానిటర్ తగిలించే ఒకే ఒక్క వీజీఏ పోర్టు వరద తర్వాత తేమకి పాడైంది. అటక మీద తడవకపోయినా, ఆ తర్వాత నెల రోజులు గోడలన్నీ చెమ్మే కదా. కాబట్టి బొమ్మ రావాలంటేనే కార్డు కావాలి.

ఏలూరు రోడ్డులో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ కార్డు తీసుకున్నాను. జీటీ 1030 చౌకగా వస్తుందన్నారు, వద్దన్నాను. దానిలో వీడియోని ఎన్‌కోడ్ చేసే, అంటే కుదించి ఫైలుగా మార్చే ఎన్‌వీఎన్‌క్ భాగం లేదు. మనకి కావాల్సింది ముఖ్యంగా అదే. జీటీఎక్స్ 1050 టీఐ తెచ్చాను, 4 జీబీది. 2016 అక్టోబరులో వచ్చిన కార్డు. 75 వాట్లు మదర్‌బోర్డు స్లాట్ నుంచే తీసుకుంటుంది, ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) నుంచి వేరే వైరు అక్కర్లేదు. పాత కంప్యూటర్లకి ఇంతకంటే అనువైన కార్డు నాకు తెలీదు.

విండోస్ బదులు వేస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ 22.2. పెన్‌డ్రైవ్ నుంచి మామూలుగా బూట్ చేస్తే లోగో దగ్గరే ఆగిపోయింది. మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుంటే లోపలికి వెళ్లింది. ఆ మోడ్ చేసేది నోమోడ్‌సెట్ అనే మాటని కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) అందించడం. అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా, బయోస్ (మదర్‌బోర్డులోని తొలి ప్రోగ్రామ్) ఇచ్చిన తెరతోనే సరిపెట్టుకోమని చెప్పడం. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇన్‌స్టాల్ అయిపోయింది.

హార్డ్ డిస్క్ నుంచి మాత్రం మామూలుగానే బూట్ అయింది, నూవో డ్రైవర్‌తో. ఇది ఎన్‌వీడియా కంపెనీ కార్డుల కోసం వాలంటీర్లు కార్డు నడకని బయటి నుంచి గమనించి, విడమర్చుకుని రాసిన డ్రైవర్. 2010లో 2.6.33 కెర్నెల్‌తో లైనక్స్‌లోకి వచ్చింది. వాళ్ల ఓపిక గొప్పది. కానీ 1050 టీఐ లాంటి పాస్కల్ తరం కార్డుల్లో గడియార వేగం పెంచాలంటే కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) కావాలి. అది బయటికి రాలేదు. అందుకని నూవో కింద కార్డు బూట్ అయినప్పుడున్న తక్కువ వేగంలోనే ఉండిపోతుంది. వీడియో పెడితే ఆగి ఆగి నడిచింది. బాబాయి చూసి, "గేరు మారని బండిలా ఉందమ్మా" అన్నారు. నిజంగా జరుగుతున్నది అదే.

ఎన్‌వీడియా వాళ్ల డ్రైవర్ వేయక తప్పదు. నెట్‌లో కనిపించిన కమాండ్ ఒకటి కొట్టాను. ప్యాకేజీ పేరు 580, చివర ఓపెన్ అని ఉంది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ మీద నాకు మొదటి నుంచీ ఇష్టం. ఆ మాట చూసే అది ఎంచుకున్నాను.

అదే రోజు, రాత్రి

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కాబట్టి ఇన్‌స్టాల్ మధ్యలో నీలం బాక్సు వచ్చి పాస్‌వర్డ్ పెట్టమంది. 8 నుంచి 16 అక్షరాలు. పెట్టాను. దీని వెనకాల సంగతి ఇది: సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్‌లో సంతకం లేని మాడ్యూల్‌ని (డ్రైవర్ లాంటి ముక్కని) కెర్నెల్ లోపలికి రానివ్వదు. మన డ్రైవర్‌ని డీకేఎంఎస్ అనే పనిముట్టు ఇక్కడే, మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేస్తుంది, అంటే సోర్స్ నుంచి నడిచే రూపానికి మారుస్తుంది. కాబట్టి సంతకం కూడా ఇక్కడే తయారైన తాళంచెవితో పెడుతుంది. ఆ తాళంచెవి ఈ ఇంటిదేనని యజమాని స్వయంగా మెషీన్ ముందు కూర్చుని ఒప్పుకోవాలి. దాన్నే మాక్ అంటారు, మెషీన్ ఓనర్ కీ.

రీస్టార్ట్ కొట్టాను. సరిగ్గా అప్పుడే పిన్ని టీ తెచ్చింది. గ్లాసు అందుకుని వెనక్కి తిరిగేసరికి నీలం తెర మీద "ఏదో ఒక మీట నొక్కండి" అన్న అర్థం వచ్చే వాక్యం, పక్కన తగ్గిపోతున్న అంకె. 3, 2, 1. పోయింది. ఆ తెర పది సెకన్లే ఉంటుంది. మీట నొక్కకపోతే మన కోరిక కొట్టేసి మామూలుగా బూట్ అయిపోతుంది, రెండోసారి అడగదు.

డెస్క్‌టాప్ వచ్చింది కానీ అక్షరాలు లావుగా, సాగిపోయి ఉన్నాయి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ లేకుండా నడుస్తున్నాం, వీడియో డ్రైవర్ చూసుకోండి అని కింద మూల నోటీసు. ఎన్‌వీడియా ప్యాకేజీ వస్తూనే నూవోని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టేస్తుంది. పాతది పోయింది, కొత్తది రాలేదు.

మాడ్యూల్‌ని చేత్తో లోడ్ చేయబోతే వచ్చిన జవాబు: కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్. ఈ వాక్యం కనిపిస్తే డ్రైవర్‌ని తీసేసి మళ్లీ వేయాల్సిన పని లేదు. డ్రైవర్ బాగానే తయారైంది, తాళంచెవే నమోదు కాలేదు. మాకుటిల్ కమాండ్‌తో ఇంపోర్ట్ అని చెప్పి, వార్, లిబ్, షిమ్-సైన్డ్, మాక్ ఫోల్డర్ల వరసలో ఉన్న మాక్ డాట్ డెర్ ఫైల్‌ని చూపించాను. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టి, ఈసారి టీ గ్లాసు కిటికీలో పెట్టి, కీబోర్డు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. నీలం తెర, ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనపడవు. భయపడకుండా కొట్టేయాలి.

తాళంచెవి గొడవ తీరింది. తెర మాత్రం అలాగే లావుగా ఉంది. రాత్రి తొమ్మిదిన్నర అయింది, మొగల్రాజపురంలో మా ఇంటికి వచ్చేశాను.

అక్టోబరు 27, సోమవారం

తుపాను వస్తోందని బడులకి సెలవులిచ్చారు. నాది ఇంటి నుంచే పని, సాయంత్రం తొందరగా ముగించుకుని సింగ్‌నగర్ వెళ్లాను.

ఆదివారమంతా నెట్‌లో వెతికి పది రకాల చిట్కాలు రాసి పెట్టుకున్నాను. అవేవీ వాడలేదు. బాబాయి ఒక మాట అడిగారు: "మెషీన్ ఏమంటోందో చూశావా?" చూడలేదు. ల్యాబ్‌లో రీడింగ్ తీసుకోకుండా ముగింపు రాసే పిల్లలకి ఆయన ముప్పై ఏళ్లు చెప్పిన మాటే అది.

కెర్నెల్ సందేశాల లాగ్ అయిన డీమెసేజ్‌లో, ఎన్‌వీడియా డ్రైవర్ రాసే ఎన్‌వీఆర్‌ఎం అన్న మాటతో మొదలయ్యే లైన్లు వెతికాను. అక్కడ స్పష్టంగా ఉంది. ఈ కార్డు, పీసీఐ నంబరు 10డీఈ:1సీ82, ఓపెన్ మాడ్యూల్‌తో నడవదు, ఎందుకంటే దీనిలో జీఎస్‌పీ లేదు. 10డీఈ అంటే ఎన్‌వీడియా, 1సీ82 అంటే 1050 టీఐ. జీఎస్‌పీ అనేది కార్డు లోపలే ఉండే ఒక చిన్న ప్రాసెసర్. ట్యూరింగ్ తరం నుంచి, అంటే 2018 నుంచి వచ్చిన కార్డుల్లో ఉంటుంది. ఎన్‌వీడియా 2022 మేలో తెరిచిన కెర్నెల్ మాడ్యూళ్లు ఆ ప్రాసెసర్ మీద ఆధారపడి రాసినవి. పాస్కల్ కార్డుకి ఆ అవయవమే లేదు.

రెండు రోజులుగా సమాధానం ఆ లాగ్‌లోనే ఉంది. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు మూసి ఉన్నాయి. మొదటిది సెక్యూర్ బూట్, రెండోది ఈ ఓపెన్. మొదటి తలుపు తెరుచుకునేదాకా రెండోది కనిపించే అవకాశమే లేదు. ఇలాంటి చోటే మనం కంగారుపడి మొదటి మార్పుని వెనక్కి తీసేస్తాం. ఆ రాత్రి నేను ఇంకా తెర లావుగానే ఉందని సెక్యూర్ బూట్ దగ్గర ఏదో తప్పు చేశాననుకుని టెన్షన్ పడ్డాను, కానీ అక్కడ చేసినది సరైనదే.

మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి చూశాను. రికమెండెడ్ అని చూపిస్తున్నది 580, చివర ఓపెన్ లేనిది. మొదటి రోజే ఇది తెరిచి ఉంటే సరిపోయేది. 580 అనేది పాస్కల్ కార్డులకి ఎన్‌వీడియా ఇచ్చే చివరి వరుస. దీని తర్వాతి వరుసల్లో ఈ తరం కార్డులకి చోటు లేదు. కాబట్టి ఈ కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ పెద్ద నంబరు కనిపించిందని మార్చకూడదు. దీన్ని ఒక కాగితం మీద తెలుగులో రాసి మానిటర్ కింద అంటించాను: "580 దాటవద్దు."

పాత ప్యాకేజీ తీసేసి కొత్తది వేసేసరికి ఆలస్యమవుతుందని, వాన కూడా పెరుగుతోందని, అది రేపటికి పెట్టుకున్నాను.

అక్టోబరు 28, మంగళవారం

మొంథా తుపాను ఈ రాత్రే తీరం దాటుతుందని టీవీలో చెప్తున్నారు. పొద్దుటి నుంచి ఒకటే వాన. అసలు ఈ రోజు వెళ్లకూడదు. కానీ పిన్నీ బాబాయి ఇద్దరే ఉన్నారు, వీధిలో అందరి చూపూ బుడమేరు వైపే ఉంది. వాళ్లతో ఉందామని మధ్యాహ్నమే వెళ్లాను.

మూడున్నరకి ఖాళీగా ఉండలేక ఓపెన్ ప్యాకేజీలు పూర్తిగా తీసేసి, 580 మొదలుపెట్టాను. ప్యాకేజీలు దిగాయి, డీకేఎంఎస్ కంపైల్ మొదలైంది. ఈ పాత ఐ5 మీద దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లోనే కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. ఉన్నది నిరుడు వరదలో మునిగింది, కొత్తది కొనలేదు.

ఫ్యాన్ చప్పుడు కూడా ఆగిపోయాక వాన మోత ఒక్కటే వినిపించింది. బాబాయి లేచి స్టూలు తెచ్చారు. "డ్రైవర్ సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ముందు దీన్ని పైకెక్కిద్దాం." వైర్లన్నీ పీకాం. ఆయన స్టూలు ఎక్కారు, నేను కింద నుంచి అందించాను. అటక మీద నిరుడు సీపీయూ పెట్టిన చోటే, దుమ్ములో దాని నాలుగు మూలల గుర్తు ఇంకా కనిపిస్తోంది. అందులోనే సరిగ్గా పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు. పక్కనే కొత్త నోట్సులు నాలుగు, గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసుకుంటున్నవి. వాటికి కూడా పట్టా కప్పారు.

రాత్రంతా బ్యాటరీ లైటు వెలుగులో మాట్లాడుకుంటూ కూర్చున్నాం. బాబాయి వాళ్ల వీధిలోకి నీళ్లు రాలేదు.

అక్టోబరు 30, గురువారం

సీపీయూని కిందికి దించి వైర్లు పెట్టాం. మింట్ లోగో దాటాక నల్ల తెర, ఎడమ మూల మిణుకుమనే గీత. లాగిన్ తెర రాలేదు. అనుకున్నదే. సగంలో ఆగిన ఇన్‌స్టాల్ కదా.

మింట్‌లో గ్రబ్ మెనూ (ఎలా బూట్ కావాలో ఎంచుకునేది) దాచి ఉంటుంది. ఆన్ చేశాక కంపెనీ లోగో పోతుండగా ఎస్కేప్ మీట ఒక్కసారే నొక్కాలి. రెండుసార్లు పడితే గ్రబ్ కమాండ్ లైన్‌లోకి వెళ్లిపోతుంది. నాకు మూడో ప్రయత్నంలో కుదిరింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడ్. దానిలో నోమోడ్‌సెట్ ముందే పెట్టి ఉంటుంది కాబట్టి తెర వస్తుంది.

రూట్ షెల్‌లోకి, అంటే పూర్తి అధికారాలున్న కమాండ్ తెరలోకి వెళ్లాను. అక్కడ డిస్క్ చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది. రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీకి కాన్ఫిగర్ హైఫన్ ఏ అని ఇచ్చాను. సగంలో ఆగిన ప్యాకేజీలన్నిటినీ ఎక్కడ వదిలిందో అక్కడి నుంచి పూర్తి చేయమని దాని అర్థం. ప్యాకేజీలు మంగళవారమే దిగి ఉన్నాయి కనుక నెట్ కూడా అవసరం పడలేదు. డీకేఎంఎస్ మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేసింది, బూట్ మొదట్లో వాడే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ ఫైలు కొత్తగా తయారైంది. తాళంచెవి మళ్లీ నమోదు చేయాల్సిన పని పడలేదు. అది హార్డ్ డిస్క్‌లో కాక మదర్‌బోర్డు మీది మెమరీలో ఉంటుంది. శనివారం పడిన కష్టం ఈ రోజు కలిసొచ్చింది.

రీబూట్. లాగిన్ తెర పూర్తి 1920 బై 1080లో, అక్షరాలు సన్నగా, అంచులు పదునుగా. కార్డు స్థితి చూపే ఎన్‌వీడియా-ఎస్ఎంఐ కమాండ్ కొడితే పట్టీ వచ్చింది: కార్డు పేరు, డ్రైవర్ 580, ఉష్ణోగ్రత 41 డిగ్రీలు. బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పట్టీలో ప్రతి గడి ఏమిటని అడిగారు. ఉష్ణోగ్రత ఎంతదాకా తట్టుకుంటుందన్నారు. ఈ కార్డుకి కంపెనీ చెప్పిన హద్దు 97 డిగ్రీలు. మే నెలలో మన ఊళ్లో గది వేడికి క్యాబినెట్ పక్క రేకు తీసి ఉంచాలేమో అన్నారు. గుర్తు పెట్టుకోవాల్సిన మాటే.

ఏదైనా పాడైతే ఈ స్థితికి వెనక్కి రావడానికి, వెంటనే టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ తీశాను. ఇది మొదటి రోజే, ఏ డ్రైవర్ జోలికీ పోకముందే తీయాల్సింది.

నవంబరు 1, శనివారం

ఈ రోజు ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వంతు. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఫ్లాట్‌ప్యాక్‌గా వేశాను. ఎన్‌కోడర్ల జాబితాలో ఎన్‌వీఎన్‌క్ లేదు. డ్రైవర్ బాగానే ఉంది, మరి ఎందుకు లేదు? ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్లు తమ పెట్టెలో తాము ఉంటాయి. బయటి డ్రైవర్ ఫైళ్లు వాటికి కనిపించవు. వాటికి వేరేగా ఎన్‌వీడియా గ్రాఫిక్స్ రన్‌టైమ్ (పెట్టె లోపల వాడే డ్రైవర్ ఫైళ్లు) కావాలి, అదీ బయటి డ్రైవర్ వెర్షన్‌తో అచ్చంగా సరిపోవాలి. ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ అని కొడితే తనంతట తనే సరైనది దింపుకుంది. ఓబీఎస్ మూసి తెరిస్తే జాబితాలో ఉంది.

ప్రాసెసర్‌తో రికార్డు చేసినప్పుడు వాడకం 90 శాతం దాటి, గీసే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. ఎన్‌వీఎన్‌క్‌తో 25 శాతం దగ్గర నిలబడింది. గీత పెన్ను మొనతో పాటే వస్తోంది.

పేజీ జరుపుతుంటే మధ్యలో అడ్డంగా చీలినట్టు కనిపించడం ఒకటి మిగిలింది. ఎన్‌వీడియా సెట్టింగ్స్‌లో ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్ టిక్ పెడితే పోయింది.

నవంబరు 4, మంగళవారం

అప్‌డేట్ మేనేజర్‌లో కొత్త కెర్నెల్ వచ్చిందని బాబాయి ఫోన్. నేను వచ్చేదాకా ఆగమన్నాను. చాలామందికి డ్రైవర్ పోయేది ఇక్కడే. కొత్త కెర్నెల్‌కి డీకేఎంఎస్ మళ్లీ కంపైల్ చేయాలంటే ఆ కెర్నెల్ హెడర్లు (కంపైల్‌కి కావాల్సిన ఫైళ్లు) ఉండాలి. హెడర్స్ జెనెరిక్ ప్యాకేజీ ఉందో లేదో చూసి, ఉందని నమ్మకం కుదిరాకే అప్‌డేట్ ఇచ్చాను. రీబూట్ చేసే ముందే డీకేఎంఎస్ స్టేటస్ అడిగితే రెండు కెర్నెళ్లకీ ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉంది. రీబూట్ అయింది, తెర బాగుంది.

వచ్చేటప్పుడు 600 వీఏ యూపీఎస్ కూడా తెచ్చాను.

నవంబరు 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. పిన్ని సాయంత్రం గుమ్మంలో 365 వత్తులు వెలిగించాక, బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. మొదటి పాఠం కుంభాకార కటకం. వీధిలో చప్పుడు తగ్గాలని ఎనిమిది దాకా ఆగాం.

ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చే కిరణం గీశారు. కటకం దాటాక అది నాభి గుండా వెళ్లాలి. గీత నాభిని కొంచెం తప్పింది. రికార్డింగ్ ఆపమని చెయ్యి చూపించారు. "పిల్లలు ఈ గీత చూసే నేర్చుకుంటారు, మళ్లీ తీద్దాం." మళ్లీ తీశాం. మూడోసారి కిరణం చుక్క మీంచే వెళ్లింది. 18 నిమిషాల పాఠం, ఒక్క ఫ్రేము కూడా పోలేదని ఓబీఎస్ కింద సున్నా చూపిస్తోంది.

ఫైలుని రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాను. ఒకటి నాతో మొగల్రాజపురం వస్తోంది. రెండోదాన్ని బాబాయి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, స్టూలు తెచ్చుకుని అటక మీద నోట్సుల పక్కన పెట్టారు.